యంత్రానికి దొరకని వరుస

"ఇవాళ నలభై వాక్యాలమ్మా," అంటూ సూరిబాబు కాగితాలు బల్ల మీద పెట్టాడు.

ప్రమీల ఆత్రంగా అందుకుంది. 'చినుకులు పడుతున్నాయని తాయారమ్మ కోడలు సుభద్రను కేకేసి వడియాలు తీయించింది. సుభద్ర తమ్ముడు పరదేశి భన్‌పురి నుంచి తడుస్తూ వచ్చాడు.'

అది 1998. రాయపూర్‌లో ఒక కాలేజీలో ప్రమీల కంప్యూటర్ పాఠాలు చెప్పేది. తెలుగు వాక్యాలు చదివి, ఎవరికి ఎవరు ఏమవుతారో దానంతటదే పట్టుకునే ప్రోగ్రామ్ తయారుచేస్తోంది. ముందు కొన్ని వందల వాక్యాల్లో అత్త, కోడలు, అక్క, తమ్ముడు అని ఆమె గుర్తులు పెట్టి చూపించాలి. వాటిని చూసి అది నేర్చుకుంటుంది.

ఇళ్లలో మాటలు రాసిచ్చేవాళ్లు కావాలని తెలుగు సంఘం గోడ మీద కాగితం అంటిస్తే వచ్చింది ఒక్క సూరిబాబే. రైల్వేలో గుమస్తాగా చేసి రిటైరయ్యాడు. ఊళ్లోనే మోవా అనే పేటలో ఉంటాడు.

ఊరుకాని ఊళ్లో హాస్టల్ గదిలో ఒక్కతే ఉండే ప్రమీలకు ఆ కాగితాలు అలవాటైపోయాయి. సుభద్రకు నొప్పులు మొదలయ్యాయని చదివిన రోజు ఆమెకు అన్నం సయించలేదు. మర్నాటి కాగితంలో ఆడపిల్ల పుట్టింది.

"మీ ఇంట్లో ఎప్పుడూ సందడేనండీ," అంది.

"తెల్లారితే మాటలేనమ్మా," అన్నాడు సూరిబాబు.

మూడు నెలలకు ప్రోగ్రామ్ గట్టిపడింది. గుర్తులు పెట్టకుండా ఇచ్చిన వాక్యాల్లోనూ బావా మరదళ్లను పట్టేసింది. ఒక్క సూరిబాబును మాత్రం ఎవరితోనూ కలపలేకపోయింది.

తప్పు తనదే అనుకుంది ప్రమీల. తెలుగులో 'నేను' అనకుండానే వాక్యం నడిచిపోతుంది. యంత్రానికి ఆ మనిషి ఎలా కనిపిస్తాడు?

"తాయారమ్మగారికి మీరేమవుతారో ఎక్కడా రాయలేదండీ. అదొక్కటీ రాసిస్తే సరిపోతుంది."

సూరిబాబు కుర్చీలోంచి లేచాడు.

"రేపు రాసుకొస్తాను తల్లీ."

రాలేదు. వారం గడిచింది. ఒంట్లో బాగాలేదేమోనని ఆమెకు దిగులు పట్టుకుంది. ఆదివారం ఉదయం పాపాయికి ఒక గౌను కొని మోవా వెళ్లింది. సందు మొదట్లో తాయారమ్మగారిల్లు ఏదని అడిగితే చూపించారు.

తలుపు తీసినావిడ తాయారమ్మ అని చూడగానే తెలిసిపోయింది. వెనక సుభద్ర పాపకు నూనె రాస్తోంది. పరదేశి సైకిల్ తుడుచుకుంటున్నాడు. ప్రమీలకు సొంత ఇంటికి వచ్చినట్టే ఉంది.

"సూరిబాబుగారికి ఎలా ఉందండీ?" అని అడిగింది.

తాయారమ్మ ఆమెను ఎగాదిగా చూసి, లోపలికి తిరిగి అడిగింది: "సుభద్రా, మన వెనక గోడకవతల గదిలో పదకొండేళ్లుగా కిరాయికుంటున్నాడే, ఎవరితోనూ మాటాడని ముసలాయన, అతని పేరేటే?"