అరవై మూడు అర డాలర్లు

"ఇదే ఆఖరుసారి సోన్యా. వచ్చే వారం నుంచి ఈ సంచులు పట్టుకు రాకు," అంది మార్లీస్.

బ్యాంకు కౌంటర్ మీద సోన్యా తెచ్చిన రెండు గుడ్డ సంచులున్నాయి. వాటిలో వెయ్యి అర డాలరు నాణేలు. పాతిక పౌండ్ల బరువు. మంచులో కాలు జారకుండా కారు నుంచి మోసుకొచ్చేసరికి భుజాలు లాగేస్తున్నాయి.

"అదేంటండీ? తొమ్మిదేళ్ళుగా తీసుకుంటున్నారుగా?"

"తీసుకున్నది నేను. బ్యాంకు కాదు. శుక్రవారంతో నా ఉద్యోగం అయిపోతోంది. కొత్త మేనేజరుకి ఈ గొడవ గిట్టదు. ఎవరూ వాడని నాణేలు గదినిండా పేర్చుకుని ఏం చేసుకోవాలి అంటాడు. అదీ నిజమేగా! నీ సంచి చూస్తేనే మా లెక్కపెట్టే మెషీన్‌కి జ్వరం వస్తుంది."

సోన్యాకి నవ్వు రాలేదు. "నాన్నకి ఏం చెప్పను?"

"నేను ఫోన్ చేసి చెప్తాలే."

"వద్దు! నేనే చెప్తాను."

మార్లీస్ ఆమె వంక అలా చూస్తూ ఉండిపోయింది. సోన్యా తల దించుకుంది. ఇన్నేళ్ళలో ఆ మనిషి కళ్ళలోకి ఆమె ఎన్నడూ సూటిగా చూడలేదు.

సోన్యా తాతయ్య ధాన్యం గిడ్డంగిలో పనిచేసేవాడు. జీతం వచ్చిన రోజున ఒక వెండి అర డాలరు పక్కన పెట్టేవాడు. దాని మీద మేకుతో చిన్న గీత గీసేవాడు. అలా అరవై మూడు పోగయ్యాయి. అవన్నీ కొడుకు ఆర్విడ్‌కి ఇచ్చి పోయాడు.

తొమ్మిదేళ్ళ కిందట ఆర్విడ్ ఇంటి బీరువాలోంచి అవి పోయాయి. ఆర్విడ్ పోలీసుల దగ్గరికి వెళ్ళలేదు. కూతురు సోన్యాకి ఫోన్ చేశాడు.

"విలువ తెలిసినవాళ్ళయితే పాత నాణేల కొట్లో అమ్ముకుంటారు. తెలియనివాళ్ళు మామూలు నాణేల్లాగే బ్యాంకులో ఇచ్చేస్తారు. అంటే ఎక్కడో బ్యాంకుల్లో తిరుగుతుంటాయి. వెతుకుదాం. నాకు కళ్ళు ఆనడం లేదు. శనివారాలు వచ్చి కాస్త సాయం పట్టు."

అప్పటికి ఆ తండ్రీ కూతుళ్ళ మధ్య మాటలే అంతంతమాత్రం. అయినా సోన్యా వచ్చింది. రాకుండా ఉండలేకపోయింది.

ఆ తర్వాత అదే అలవాటైంది. శుక్రవారం సోన్యా పక్క ఊరి బ్యాంకులో ఒక పెట్టె నాణేలు కొనుక్కొచ్చేది. శనివారం ఇద్దరూ వంటింటి బల్ల దగ్గర కూర్చుని నాణేలున్న కాగితపు చుట్టలు విప్పేవాళ్ళు. మామూలు నాణెం అంచులో రాగి చార కనిపిస్తుంది. వెండిదైతే తెల్లగా ఉంటుంది. ఆ తెలుపు కోసమే వెతుకులాట. మధ్యలో ఆర్విడ్ కాఫీ కాచేవాడు, లెఫ్సా అనే బంగాళాదుంప రొట్టెలకి వెన్న రాసి పెట్టేవాడు. సోమవారం ఆ నాణేలన్నీ సోన్యా సొంత ఊరి బ్యాంకులో ఇచ్చేసేది. కొన్నచోటే ఇస్తే మళ్ళీ అవే చేతికొస్తాయి మరి.

ఆ శనివారాల మధ్యే సోన్యా తాగుడు మానింది. వృద్ధుల ఆశ్రమంలో ఉద్యోగం తెచ్చుకుంది.

తొమ్మిదేళ్ళలో తాతయ్య గీత ఉన్నవి రెండే దొరికాయి. రెండూ ఆర్విడ్ వైపు కుప్పలోనే. రెండోది దొరికింది, ఇక తాను రాలేనని సోన్యా అన్న వారమే. దాన్ని అరచేతిలో పెట్టుకుని ఆమె వెక్కివెక్కి ఏడ్చింది. ఆర్విడ్ ఎందుకని అడగలేదు. ఇంకో చుట్ట విప్పి ఆమె ముందు పోశాడు.

మార్లీస్ దగ్గర్నుంచి బయటపడి ఆ మధ్యాహ్నమంతా సోన్యా బ్యాంకులు తిరిగింది. ఒకరు మా దగ్గర మెషీన్ లేదన్నారు. ఇంకొకరు ముందు ఖాతా తెరవమన్నారు. మూడోచోట మొహం మీదే నవ్వారు. చివరికి ఎనభై మైళ్ళ అవతల ఒక బ్యాంకు ఫోన్లో సరేనంది.

సాయంత్రం తండ్రికి సంగతంతా చెప్పింది.

"ఎనభై మైళ్ళా? ఈ మంచులోనా?" అన్నాడు ఆర్విడ్. "నీ కారు టైర్లు చూసుకున్నావా? నా గుండులా నున్నగా ఉన్నాయి."

"మార్పిస్తాను."

"ఇన్నేళ్ళు వెతికాం. చాల్లే, ఆపేద్దాం."

"ఆపకూడదు నాన్నా! ఇంకా అరవై ఒకటి దొరకాలి!"

ఆమె గొంతు ఇల్లంతా మోగింది. పోయిన నెలే ఆయన గుండెకి ఆపరేషన్ అయింది. చొక్కా పై బొత్తాం దగ్గర కుట్ల మచ్చ ఇంకా ఎర్రగా కనిపిస్తోంది. సోన్యా దానివంక చూడలేక మొహం తిప్పుకుంది.

"నాన్నా, నీకో మాట చెప్పాలి."

ప్రతి శనివారం నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయిన మాట అది. ఇప్పుడూ గొంతు దాటలేదు.

ఆర్విడ్ కుర్చీ దగ్గరికి లాక్కుని ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వు వాటిని బ్యాంకులో ఇచ్చిన మర్నాడే, మార్లీస్ కబురు పెడితే వెళ్ళి, ఆ అరవై మూడూ తెచ్చేసుకున్నాను తల్లీ," అన్నాడు.