బ్రేక్ ఇన్‌స్పెక్టర్ భోజనం

పొద్దున తాను టెస్టులో ఫెయిల్ చేసిన మనిషి చేతి వంట మధ్యాహ్నం తినాలంటే చాలా ధైర్యం కావాలి. బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కు అంత ధైర్యం లేదు. ఆకలి మాత్రం ఉంది.

వీధి చివర ఉన్న ఆ థాయ్ హోటల్లో ఆరే బల్లలు. ఎక్కడ కూర్చున్నా వంటగదిలోకి కనిపిస్తాం. అందుకని మెనూ కార్డు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఐదేళ్లుగా రోజూ అవే నూడుల్స్ తినే మనిషికి మెనూతో ఏం పని? ఆ సంగతి ఆయనకు తట్టలేదు.

"వచ్చారా అన్నయ్యా? ఎక్కడ మానేస్తారో అనుకున్నాను," అంటూ వంటావిడే ప్లేటు తెచ్చింది. పల్లీలు రోజూకన్నా ఎక్కువ చల్లింది. నిమ్మచెక్కలు రెండు పెట్టింది. ఆయన సిగ్గుతో చచ్చిపోయాడు. ఆ ప్లేటు మొహాన కొట్టినా అంత బాధ ఉండేది కాదు.

డ్రైవింగ్ లైసెన్స్ కోసం ఆవిడ టెస్టుకు రావడం ఇది నాలుగోసారి. ఫెయిలైన ప్రతిసారీ మళ్లీ టెస్టుకు మూడు నెలలు ఆగాలి. లైసెన్స్ చేతికొస్తే హోటల్ మూసేసి, సామానంతా ఒక వ్యానులో సర్దుకుని, సముద్రం ఒడ్డున ఉన్న చెల్లెలి ఊరికి వెళ్లిపోవాలని మొగుడూ పెళ్లాల ఆశ. అక్కడ వ్యానులోనే వండి అమ్ముతారట. దానికి వేయించే రంగు కూడా ఖాయం చేసుకున్నారు. మొగుడికి చూపు తక్కువ కాబట్టి స్టీరింగ్ ఆవిడే పట్టాలి.

ఆ మొగుడు నీళ్లు తెచ్చి పెట్టి, మా ఆవిడ స్టీరింగ్‌ను కూడా గరిటెలా తిప్పుతుందేమో సార్ అని నవ్వాడు. ఆవిడా నవ్వింది. ఇన్‌స్పెక్టర్‌కు నవ్వు రాలేదు. రూల్సు రూల్సేనని ఏదో గొణిగాడు.

"మీరు మాత్రం ఏం చేస్తారు? మొహమాటానికి పాస్ చేసేస్తే రేపు ఎవర్నో గుద్దేస్తాను," అంది ఆవిడ. "పోనీ, ఈసారి ఎక్కడ తప్పు చేశానో చెప్పండి. దిద్దుకుంటాను."

ఇన్‌స్పెక్టర్ గ్లాసు అందుకున్నాడు. నీళ్లు తాగాడు. ఇంకాసిని తాగాడు.

"బండి వెనక్కి తీసేటప్పుడు అద్దం చూడలేదమ్మా."

ఆవిడ బుద్ధిగా తలూపింది. ఇకనుంచి నిద్రలో లేపినా ముందు అద్దమే చూస్తానంది. మొగుణ్ని కూడా గుర్తుపెట్టుకోమంది. తీరిగ్గా తినమని చెప్పి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

ఇన్‌స్పెక్టర్ తలెత్తకుండా తిన్నాడు. ఇంత మంచి మనిషిని బాధపెట్టానే అని మనసు పీకుతూనే ఉంది. ఆ పూట నూడుల్స్ ఎప్పటికన్నా రుచిగా ఉండటం ఆయన్ను ఇంకా కుంగదీసింది.

ప్లేటు ఖాళీ అయ్యాక, పొద్దున మూడుసార్లు అద్దం చూసుకుని ఒక్క తప్పూ లేకుండా బండి నడిపిన ఆ మనిషి చేతి వంట ఇంకో మూడు నెలలు ఈ వీధిలోనే దొరుకుతుందని తలుచుకుని, సిగ్గుపడుతూనే ఇంకో ప్లేటు తెమ్మన్నాడు.