పుస్తకాల్లో లేని కార్నిష్

కార్నిష్‌లో అడిగితేనే రొట్టె. ఇంగ్లీషులో అడిగితే ఖాళీ పళ్లెం. హెడ్లీ ఇంట్లో అదే చట్టం.

పిల్లలు మొదట మొండికేశారు. ఏడేళ్ల మెరోడ్ అలిగి ఒక పూట పస్తు కూడా ఉంది. పదేళ్ల డిగొరీ రొట్టె వైపు వేలు చూపిస్తూ మూగవాడిలా నటించాడు. మూడో రోజుకు ఆకలే గెలిచింది. రొట్టె ‘బారా’ అయింది. నీళ్లు ‘దూర్’ అయ్యాయి. ఆర్నెల్లు తిరిగేసరికి ఇద్దరూ ఆ భాషలోనే కొట్టుకుంటున్నారు, ఆ భాషలోనే చాడీలు చెబుతున్నారు.

ఇంగ్లీషు దేశపు నైరుతి కొసన ఉన్న ఆ న్యూలిన్ రేవులో, తాతల నాటి కార్నిష్ కావాలంటే ఎవరైనా మార్వెన్నా టీచరమ్మ సోమవారం క్లాసుకు పోవలసిందే. ఇళ్లలో ఆ భాష ఎప్పుడో పోయింది. పాత కాగితాలు తిరగేసి మళ్లీ బతికించారు. హెడ్లీకి మాత్రం ఆ అగత్యం లేదు. అతని నాయనమ్మ ఇంట్లో ఒక్క ఇంగ్లీషు ముక్క మాట్లాడేది కాదు. తాత ఏ రేవునుంచో పడవలో తెచ్చుకున్న మనిషి. ఆ ఊళ్లో ఇంటింటా చేసే మాంసం కజ్జికాయ, పాస్టీ, దాని అంచు మడవడం చచ్చేదాకా చేతకాలేదు గానీ పల్చటి అట్లు మహబాగా పోసేది. చుట్టుపక్కల వాళ్లతో పలుకే బంగారం. ఉల్లిపాయలవాడు వస్తే మాత్రం మధ్యాహ్నం దాకా గుమ్మంలోనే కబుర్లు. ఎనిమిదేళ్లొచ్చేదాకా ఆవిడ దగ్గర అట్లు తింటూ, తిట్లు తింటూ హెడ్లీ ఆ మాటలన్నీ పట్టేశాడు.

“మీది పుస్తకాల కార్నిష్ టీచరమ్మా. మాది పొయ్యి దగ్గరిది,” అనేవాడు కనబడినప్పుడల్లా.

ఆవిడకు ఒళ్లు మండేది. రేవు పండక్కి వేదిక మీద స్వాగతం చెప్పే పిల్లల్ని ఏటా ఎంచేది ఆవిడే. ఈసారి మీ వాళ్లనే ఎక్కిస్తాను, చూద్దాం అంది. హెడ్లీ ఊరుకోవచ్చుగా? పబ్బులో పదిమంది ముందు గ్లాసు బల్లకేసి కొట్టాడు. మా పిల్లల కార్నిష్ తప్పని తేలితే మీసాలు తీయించుకుని మరీ మీ క్లాసులో ముందు బెంచీ మీద కూర్చుంటాను అనేశాడు.

ఆ మీసాలు అతని ప్రాణం. భార్య లవ్‌డే ఆ సాయంత్రమే కత్తెర ఎక్కడుందో వెతికి పెట్టుకుంది.

పండగ రోజు రేవంతా జనం. పిల్లలు వేదిక ఎక్కారు. రండి అన్నారు, కూర్చోండి అన్నారు, కడుపునిండా తినండి అన్నారు. మధ్యలో డిగొరీ కాలు తొక్కితే మెరోడ్ ఆ భాషలోనే వాణ్ని కడిగేసింది. చివర ఇద్దరూ కలిసి ‘త్రుగారెజ్’ అని దణ్ణం పెట్టారు. ధన్యవాదాలన్నమాట.

టీచరమ్మ మొహంలో రంగులు మారాయి. ‘బారా’ సరే, ‘దూర్’ సరే. ధన్యవాదాలకు ఆవిడ పుస్తకంలో ఉన్నది ‘మూర్ రాస్’. సగం అర్థమవుతోంది, సగం అంతు చిక్కడం లేదు.

“ఆ మిగతా సగం ఏమిటయ్యా?” అంది.

“మీ పుస్తకాలకు ఎక్కనిది,” అన్నాడు హెడ్లీ మీసం దువ్వుతూ. పైకే ఆ ధీమా. చూపు మాత్రం లవ్‌డే చేతిలోని కత్తెర మీదే.

 అప్పుడు ఆవిడ ఎవరూ ఊహించని పని చేసింది. నోటుపుస్తకం తీసి, మెరోడ్ ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కో మాటా అడిగి రాసుకోసాగింది. రెండొందల ఏళ్లుగా ఎవరూ వినని అసలు కార్నిష్ ఇదేనంది. సోమవారం నుంచి పాఠం హెడ్లీయే చెప్పాలట, ముందు బెంచీలో తనే కూర్చుంటుందట. రేవు దద్దరిల్లేలా చప్పట్లు. హెడ్లీకి నాయనమ్మ గుర్తొచ్చి ఏడుపొచ్చింది. లవ్‌డే ఉసూరుమంటూ కత్తెర సంచిలో పెట్టేసింది.

అంతలో జనాన్ని తోసుకుంటూ ఉల్లిపాయల యాన్ ముందుకొచ్చాడు. ఏటా సముద్రం దాటి వచ్చి, సైకిలుకు ఉల్లి జడలు వేలాడదీసుకుని ఇంటింటికీ అమ్ముకునే మనిషి. చెంపల నిండా కన్నీళ్లు. ఉల్లిపాయల మహిమే అనుకున్నారందరూ.

“అయ్యా,” అన్నాడు హెడ్లీ రెండు చేతులూ పట్టుకుని, “అక్కడ ఫ్రాన్సు ఒడ్డున మా పిల్లలే మాట్లాడ్డం మానేసిన, మీ కార్నిష్‌కి తోబుట్టువైన మా బ్రెటన్ భాషని మీ పిల్లలకింత చక్కగా ఎవరు నేర్పారు?”