బీట మీద గాజుముక్క

మేస్త్రి గోడ బీటలో చిటికెన వేలు దూర్చాడు. సగందాకా దూరింది.

"ఇవాళే ఖాళీ చేయించండి సార్. ఇది అతుకులకు లొంగే గోడ కాదు."

మునిసిపల్ ఇంజనీరు కళ్లజోడు తుడుచుకున్నాడు. మూడంతస్తుల మేడ. పదకొండు కుటుంబాలు. ఒక్క సంతకంతో అందరినీ రోడ్డు మీదికి పంపాలి. ఆ తర్వాత గోడకేమీ కాకపోతే ఆ పదకొండు కుటుంబాలూ వచ్చి తన గుమ్మం ముందే కూర్చుంటాయి.

"కంటికి కనిపించిందల్లా రుజువు కాదయ్యా. నిదానమే ప్రధానం."

"ఆలస్యం అమృతం విషం అన్నదీ ఆ పెద్దలే సార్."

ఇంజనీరు వినిపించుకోలేదు. తొందరపడి సంతకం పెట్టినవాళ్ల ఉద్యోగాలు ఊడటం ఆయన చూశాడు. ఆలస్యం చేసినవాడి ఉద్యోగం ఊడగా ఎన్నడూ చూడలేదు.

ముందు మట్టిని పరీక్షకు పంపాడు. రిపోర్టు అటూ ఇటూ కాకుండా వచ్చింది. స్తంభాలకు ఇంకో పరీక్ష చేయించాడు. అదీ అంతే. రిటైరైన పై అధికారిని పిలిచి చూపించాడు. ఆయన కాఫీ తాగి, "ఇంకొన్నాళ్లు గమనించు" అన్నాడు. ఇంజనీరుకు ప్రాణం లేచొచ్చింది.

చివరికి పాత పద్ధతి పట్టాడు. బీటకు అడ్డంగా పల్చటి గాజుముక్క పెట్టి, రెండు కొసలా సిమెంటుతో అతికించాడు. బీట వెంట్రుకవాసి విచ్చుకున్నా గాజు పుటుక్కున పగులుతుంది. పగిలిన రోజే ఖాళీ చేయిస్తానని మేస్త్రికి మాటిచ్చాడు.

ఆ గోడ కింది వాటాలో ఉంది. అక్కడ ఫొటోలకు ఫ్రేములు కట్టే ఆయన, భార్య, ఇద్దరు పిల్లలతో కాపురముంటున్నాడు.

ప్రతి సోమవారం ఇంజనీరు వచ్చాడు. ప్రతి సోమవారం గాజు నిక్షేపంగా ఉంది. దాని మీద దుమ్ము కూడా లేదు.

నాలుగో వారం మేస్త్రి ఉండబట్టలేకపోయాడు.

"గాజును కాదు సార్, గోడను చూడండి. ఇప్పుడు నా బొటనవేలు దూరుతోంది."

"నువ్వు చిక్కిపోయావేమోలే."

పై వాటాలో పిల్లలు దూకుతూ ఆడుతున్నారు. సున్నం పెచ్చు ఒకటి ఊడి ఇంజనీరు భుజం మీద పడింది. దులుపుకున్నాడు.

ఆరు వారాలు గడిచేసరికి ఆయనకు ధైర్యం వచ్చింది. 'గోడలో కదలిక లేదు. నివాసానికి యోగ్యం' అని రాసి సంతకం పెట్టాడు. ఇంటి యజమాని ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని స్కూటరెక్కాడు. మేస్త్రి సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ఫ్రేములాయన భార్య మంచినీళ్లు తెచ్చిచ్చింది. ఇంజనీరు గ్లాసెడూ తాగాడు.

"ఇక భయం లేదమ్మా. ఆ గాజుముక్క పీకేయండి."

"అమ్మో, అది ఉండబట్టే కదా సార్ గోడ నిలబడింది" అందామె. "అందుకే అది పగిలినప్పుడల్లా, పిల్లల కాళ్లకు గుచ్చుకోకుండా ముక్కలు ఊడ్చేసి, మా ఆయన చేత అదే కొలతకు కొత్తది కోయించి అతికిస్తున్నాను, ఇది తొమ్మిదోది."