బండి నాదే

"ఆర్సీలో పేరు నాది. దుడ్లూ నావే," అన్నాడు మద్దిలేటి, కుర్చీలోంచి కదలకుండా.

ఓంప్రకాష్‌కు ఒళ్లు మండింది. "పేరు నీదైతే ఏందన్నా? ఏడేండ్లుగా డీజిల్ పోసింది నేను, పొగ మింగింది నేను. నష్టం నాకు, పరిహారం నీకా? ఇది పరిహారమా, పరిహాసమా?"

నంద్యాల షోరూములో కొత్త కార్ల మధ్య వేసిన బల్ల అది. పొగ పరీక్ష చేసేటప్పుడు మాత్రం బుద్ధిమంతుడిలా ఉండి, రోడ్డెక్కగానే నల్లగా కక్కే మాయ ఒకటి ఇంజన్‌లో పెట్టి కార్లు అమ్మింది కంపెనీ. పొగ దాచబోయి పొగరంతా పోగొట్టుకుని, ఇప్పుడు ఆ కార్లు వాడినవాళ్లకు పరిహారం పంచుతోంది. బల్లకు అవతల కంపెనీ ఉద్యోగి హిమబిందు. ఇవతల ఒకే నంబరుకు దరఖాస్తు పెట్టిన ఇద్దరు. నంద్యాలలో విత్తనాల కొట్టున్న ఓంప్రకాష్ శెట్టి ఒకరు, ఆళ్లగడ్డ రైతు మద్దిలేటి ఒకరు.

ఒకరి మొహం ఒకరు చూడడం ఇదే మొదలు. మద్దిలేటి చేత ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టించి, కారుతోపాటు వాటిని ఓంప్రకాష్ చేతిలో పెట్టిన బ్రోకరు కరోనాలో కన్నుమూశాడు. ఆ ఫారాలు ఏనాడూ ఆర్టీఓ ఆఫీసు గడప తొక్కలేదు. "పేరు మారిస్తే మైలేజీ పెరుగుతాదా?" అనేవాడు ఓంప్రకాష్. అందుకే ఆర్సీ ఆయనది, ఆర్భాటం ఈయనది.

"ఆర్సీలో ఎవరి పేరున్నా, నిజంగా వాడినవాళ్లకే ఇస్తాం సార్. ఏడాదికి పదిహేను వేలు," అంది హిమబిందు. "అయితే మీ ఫారాల మీద తేదీ లేదు. ఎప్పటినుంచి వాడుతున్నారో మీరే రుజువు చూపించాలి."

"శెట్టి కొన్యాది పోయిన ఉగాదికి. అంతవరకూ బండి నాకాడనే ఉండె," అన్నాడు మద్దిలేటి తాపీగా.

ఓంప్రకాష్ లేచి నిలబడ్డాడు. "మద్దిలేటి స్వామి పేరు పెట్టుకోని ఇంత అబద్ధమాడతావా? కండ్లు పోతాయన్నా!"

"కండ్లు ఉన్నప్పుడే కాయితం చూపీ శెట్టీ."

కాగితాలకు కరువా? ఓంప్రకాష్ కస్టమర్లకు ఇవ్వని బిల్లులు ఉన్నాయేమో గానీ, తాను తీసుకుని పారేసిన బిల్లు ఒక్కటీ లేదు. సంచిలోంచి తీసి పేకముక్కల్లా బల్ల మీద కొట్టసాగాడు.

"పందొమ్మిదిలో టైర్లు! ఇరవైలో బ్యాటరీ! ఇరవై రెండులో క్లచ్చు!"

మద్దిలేటి కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్కటీ తిప్పి చూశాడు. "ఇరవై ఒకటి యాడ? ఆ ఏడు బండి నాకాడ ఉండె. అది మాత్రం బాగా గుర్తుండాది."

"యాడిది నీకాడ? ఇదో! ఆగస్టు పదిహేడు. ముందు బంపరు, ఎడమ హెడ్‌లైటు, అద్దం. పద్దెనిమిది వేలు! అందరికీ లాటరీలో తగుల్తాది బంపరు, నాకు రోడ్డు మీద తగిలె."

"ఏమాయె?"

"పాణ్యం దాటినంక పంది అడ్డమొచ్చె. తెల్లారుజామున, వానలో."

"చచ్చెనా?"

"దిగి చూసే తీరిక యాడిదన్నా? పైన విత్తనాల మూటలు తడుస్తాండె."

"డ్రైవరు తోల్తాండెనేమో. అట్లయితే నువ్వు వాడినట్టు యాడ?"

"డ్రైవరా? వానికి జీతం మీ నాయన ఇస్తాడా? కొన్నప్పటినుంచి ఆ స్టీరింగు మీద నా చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడలే!"

"ఇదంతా రాసిస్తే ఒప్పుకుంటా," అన్నాడు మద్దిలేటి. "ఆ పొద్దు సంగతితో సహా."

"ఎలాగూ డిక్లరేషన్ రాయాలి సార్," అంటూ హిమబిందు కాగితం జరిపింది.

ఓంప్రకాష్ పంతంగా రాశాడు. తేదీ రాశాడు, పాణ్యం రాశాడు, పంది రాశాడు, తన చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడలేదని రాసి ఆ చేత్తోనే సంతకం చేశాడు. హిమబిందు ముద్ర కొట్టింది.

మద్దిలేటి కళ్లజోడు తీసి మడిచాడు. "దుడ్లన్నీ శెట్టికే ఇయ్యి తల్లీ. నాకు పైసా వద్దు. ఆ కాయితం నకలు ఒకటి ఇస్తే చాలు."

గెలిచినవాడు నోరు మూసుకోవచ్చు. మూసుకుంటే ఓంప్రకాష్ ఎట్లవుతాడు? "దుడ్లు వద్దనేవోనివి, ఆళ్లగడ్డ నుంచి బస్సెక్కి ఈడికెందుకొస్తివన్నా?"

"నా మీద కేసుండాది శెట్టీ. నంబరు చూసినోళ్లు ఉండారు, తోలినోన్ని చూసినోళ్లు లేరు. పోలీసోళ్లకు ఆర్సీలో పేరు దొరికె, ఇంక బండితో ఏం పని? అమ్మేసినా అంటే ఎవరికని అడిగిరి. నాకేం తెలుసు? నాలుగేండ్లుగా వాయిదాలకు తిరుగుతాండా. ప్రతి వాయిదాకూ ఆ బిడ్డ వస్తాది. తిట్టదు, ఏడ్వదు. నా మొగమే చూస్తా నిలబడతాది. దుడ్లంటే కొన్నోడు వాడే వస్తాడని, నేనూ దరఖాస్తు పెట్టినా."

ఓంప్రకాష్ చెయ్యి బల్ల మీది బంపరు బిల్లు వైపు జరిగింది. దాని మీద అప్పటికే హిమబిందు చెయ్యి ఉంది.

"ఏ బిడ్డ?" అన్నాడు ఓంప్రకాష్.

మద్దిలేటి హిమబిందు ఇచ్చిన నకలును నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు.

"నువ్వు రాసిన పందికి బిడ్డ. పంది పేరు ఉమామహేశ్వరమ్మ."