గోంగూర ముందు బైఠాయింపు

శనివారం పొద్దున పదింటికి గోంగూర పీకేస్తామని నోటీసు వచ్చింది.

అమెరికాలో, శాంటా క్లారాలో కొన్ని టౌన్‌హౌస్‌ల వెనక ఉమ్మడి తోట ఉంది. అందులో ఆదిశేషుది ఆరడుగుల మడి. మడి నిండా గోంగూరే. ఎవరో పుణ్యాత్ముడు ఆ ఆకు చూసి గంజాయి అనుకున్నాడు. కాదని ఆదిశేషు గోంగూర పప్పు గిన్నెతో సహా వెళ్ళి రుజువు చూపించాడు. హౌసింగ్ అసోసియేషన్ బోర్డు రుచి చూడలేదు, రూలు చూసింది. గంజాయైనా, గంజాయిలా కనిపించేదైనా ఉండకూడదట. బైలా చదివి బయటికి పొమ్మన్నారు.

"ఆందోళన చేద్దాం," అన్నాడు ఆదిశేషు.

భార్య ప్రమోద చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. తల ఎత్తలేదు. "మీకు ఆందోళన పడటం వచ్చు. చేయడం ఎప్పుడు నేర్చుకున్నారు? విశాఖ ఉక్కు కోసం కాలేజీ అంతా రోడ్డెక్కితే, హాస్టల్ గదిలో లాగరిథమ్ టేబుల్స్ ముందేసుకుని కూర్చుంది మీరేగా."

నిజమే. అరవై ఏళ్ళుగా గుచ్చుకుంటున్న నిజం. విశాఖకి ఉక్కు వచ్చింది గానీ ఆదిశేషుకి రాలేదు. గోంగూర పోతే మళ్ళీ విత్తుకోవచ్చు. ఎనభయ్యో ఏట కూడా గదిలోనే కూర్చుంటే మాత్రం మనిషి మళ్ళీ మొలవడు.

అప్పుడు గుర్తొచ్చాడు, నాలుగో నంబరు ఇంట్లో కూతురి దగ్గర ఉండే కురొకావా. ఎనభై ఆరేళ్ళ జపాన్ పెద్దమనిషి. ప్రమోద ఆ పేరు పిలిస్తే 'కూర కావాలా' అని అడిగినట్టే ఉంటుంది. ఆయనా ఏనాడూ వద్దనలేదు. 1960లో, అమెరికాతో భద్రతా ఒప్పందం వద్దంటూ లక్షల జనం టోక్యోలో పార్లమెంటును చుట్టుముట్టి, చివరికి ప్రధానినే గద్దె దింపారు. ఆ జూన్ నెలలో ఆ గేటు దగ్గర తానూ ఉన్నానని కురొకావా ఓసారి చెప్పాడు. కనుబొమ్మ మీద కుట్ల మచ్చ కూడా చూపించాడు.

ఆదిశేషు వెళ్ళి, మాకు నేర్పండని ఇంగ్లీషులో బతిమాలాడు.

కురొకావా టీ కప్పు పక్కన పెట్టాడు. "నేనూ మీతో కూర్చోవచ్చా, ఆది-సాన్?" అన్నాడు. వాళ్ళ 'సాన్' అంటే మన 'గారు'.

గురువుకి ఎంత వినయమో అని ఆదిశేషు పొంగిపోయాడు.

మర్నాడే పార్కింగ్ లాట్‌లో శిక్షణ. ఆలుమగలతో కలిపి ఎనిమిది మంది తేలారు. పదకొండు సొంత మోకాళ్ళు, అయిదు కొన్నవి. చేతులు పెనవేసుకుని వంకర టింకరగా సాగే టోక్యో పాము నడక ముందు నేర్పాడు. పేరుకి ఆదిశేషు, నడిస్తే వానపాము అని ప్రమోద గొణిగింది.

తర్వాతి పాఠం కూర్చోవడం. అందులో ఆయనకి తెలియనిది లేదు. వరసలో ఎవరి దగ్గర తెగుతుందో ముఖాలు చూసి చెప్పేశాడు. వాచీలు, కళ్ళజోళ్ళు తీసేయించాడు.

"బిగుసుకోవద్దు," అన్నాడు. "బిగుసుకున్న మనిషిని ఇద్దరు మోసేస్తారు. ఒళ్ళు వదిలేస్తే నలుగురు కావాలి. పాట పాడండి. ఏడ్చేవాణ్ణి లాగడం తేలిక. పాడేవాళ్ళ మీదికి చెయ్యి రాదు."

శనివారం పదింటికి బోర్డు ప్రెసిడెంటు వచ్చింది. వెంట ఇద్దరు తోటపనివాళ్ళు, ఇద్దరు సెక్యూరిటీ గార్డులు. మడి ముందు ఎనిమిది మంది, నడుమ కురొకావా. ప్రమోద మంగళహారతి ఎత్తుకుంది.

బక్కమనిషి కదా అని గార్డులు ముందు కురొకావా మీద పడ్డారు. ఆయన ఒళ్ళు వదిలేశాడు. తోటపనివాళ్ళూ చెయ్యి వేస్తే తప్ప లేవలేదు. నలుగురూ పల్లకీలా మోసుకెళ్ళి నీడలో బెంచీ మీద పడుకోబెట్టారు. ఆయన లేచాడు. ప్యాంటు దులుపుకున్నాడు. వచ్చి మళ్ళీ కూర్చున్నాడు. అలా మూడుసార్లు. మూడోసారి మోస్తున్నప్పుడు పసిపిల్లాడిలా నవ్వుతున్నాడు.

ఇక ఆదిశేషు వంతు. లేచి వెళ్ళిపో అంది పాత హాస్టల్ గది. కళ్ళు మూసుకుని ఒళ్ళు వదిలేశాడు. తొంభై కిలోలు. గార్డులు ముఖముఖాలు చూసుకున్నారు. బాల్కనీల్లో ఫోన్లు లేచాయి. అయిదు నిమిషాలు చూసి, ఇది గంజాయి కాదని ఎవరైనా మొక్కల నిపుణుడు రాసిస్తే చాలని ప్రెసిడెంటు వెనుదిరిగింది.

మధ్యాహ్నం అందరికీ ఆదిశేషు ఇంట్లోనే భోజనం. కురొకావా విస్తరిలో ప్రమోద రెండోసారి పచ్చడి వేసింది. ఆదిశేషు చేతులు జోడించాడు.

"మీరు లేకపోతే నేను లేచి వెళ్ళిపోయేవాణ్ణి. ఆ రోజుల్లో మిమ్మల్ని ఎన్నిసార్లు ఇలా మోసుకెళ్ళి ఉంటారో."

"ఒక్కసారీ లేదు ఆది-సాన్," అన్నాడు కురొకావా, "అప్పుడు నేను పోలీసుని, ఇవాళ్టిదాకా మోయడమే గానీ మోయించుకోవడం తెలియదు."