మిగిలిన కాఫీ

ముసలాయన ఎర్ర ఉన్ని టోపీ తీసి చేత్తో పట్టుకుని లోపలికి వచ్చాడు.

కువోపియో ఊళ్ళో అది చిన్న ఆఫీసు. రోగులకు ఆస్పత్రి టాక్సీలు కుదిర్చే వెబ్‌సైట్ నడిపేది ఇద్దరే. యజమానురాలు తూలిక్కి, ప్రోగ్రామర్ యార్కో.

"మీ బుకింగ్ క్యాలెండర్‌కి కావలసింది ఇందులో ఉంది," అంటూ ముసలాయన బల్ల మీద పెన్‌డ్రైవ్ పెట్టాడు. "మీ దగ్గరే ఉంచుకోండి. ఇక మీదట బయట దొరకదు."

"మా క్యాలెండర్ శుభ్రంగా పనిచేస్తోందండీ," అన్నాడు యార్కో.

"ఇవాళ చేస్తోంది."

ఎవరొచ్చినా కాఫీ ఇవ్వకుండా పంపడం అక్కడ లేదు. తూలిక్కి కాఫీ, దాల్చినచెక్క బన్ను తెచ్చింది.

ఆయన ఒక్క గుక్క తాగి కప్పు దించాడు. బన్ను ముట్టుకోలేదు. వెళ్ళిపోయాడు. పేరు వీళ్ళు అడగలేదు, ఆయన చెప్పలేదు.

"పొగరు చూశావా! ఊరికే ఇచ్చింది కూడా వదిలేసి పోయాడు," అన్నాడు యార్కో. "ఏదో అంటగట్టడానికే వచ్చుంటాడు."

"తెలియనివాళ్ళ పెన్‌డ్రైవ్ కంప్యూటర్‌కి పెట్టకు."

యార్కో దాన్ని పాత బ్యాటరీలు, పాడైన వైర్లు వేసే డబ్బాలో పడేశాడు. అది నిండితేగానీ ఎవరూ పట్టుకెళ్ళరు.

మరుసటి వారం క్యాలెండర్ మాయమైంది. పేజీ ఉంది, తేదీలు లేవు.

"క్యాలెండర్‌ని నడిపే కోడ్, ఆ లైబ్రరీ దొరకడం లేదు," అన్నాడు యార్కో.

"మన దగ్గర లేదా?"

"ఎప్పుడూ లేదు. ఎవరో రాసి ఉచితంగా పెట్టింది. వాళ్ళ కంప్యూటర్ నుంచే వస్తోంది. ఇప్పుడది ఆగిపోయింది."

"కాపీ అయినా పెట్టుకోలేదా?"

యార్కో తల గోక్కున్నాడు.

"వేరేది పెట్టు."

"రెండు రోజులు పడుతుంది."

"రేపు పొద్దున్నే డయాలసిస్ వాళ్ళున్నారు యార్కో! మంచులో నడిచి వెళ్తారా?"

ఇద్దరూ ఒక్కసారే డబ్బా వైపు చూశారు.

నెట్ లేని పాత ల్యాప్‌టాప్‌లో పెన్‌డ్రైవ్ తెరిచారు. లైబ్రరీ మొత్తం ఉంది. ఈసారి యార్కో దాన్ని తమ సొంత ప్రాజెక్టులోనే పెట్టాడు. మధ్యాహ్నానికి తేదీలు తిరిగి వచ్చాయి. తూలిక్కి ఊపిరి పీల్చుకుంది.

కోడ్ పై వరుసలో రాసినవాడి పేరు, ఫోన్ నంబరు ఉన్నాయి. ఐమో హుస్కో.

థాంక్స్ చెబుదామని తూలిక్కి ఫోన్ చేసింది. ఎవరో ఆడమనిషి ఎత్తింది.

"నాన్న శుక్రవారం పోయారండీ. ఆయన కంప్యూటర్ ఈ పొద్దున్నే తీసేశాం."

"అయ్యో... మాకు తెలియదు," అంది తూలిక్కి. "మరి ఆయన కోడ్ మాకు తెచ్చిచ్చిన పెద్దాయన ఎవరో మీకేమైనా తెలుసా? ఎర్ర టోపీ ఆయన. ఆయనకైనా థాంక్స్ చెప్పాలి. పాపం, మా కాఫీ నచ్చలేదేమో, ఒక్క గుక్కే తాగారు."



"నచ్చింది. ఇంటికొచ్చి చెప్పారు," అంది ఆమె. "కిడ్నీలు పోయినవాళ్ళు అంతకంటే తాగకూడదు కదండీ, ఆ వేళ మీ టాక్సీలోనే డయాలసిస్‌కి వెళ్తూ నాన్న మీ దగ్గర దిగారు."